ఓరుగంటి అడవులనుండి ఎవరెస్టు శిఖరము వరకు

మన తెలుగు కావ్యములలో హిమాలయమునకు పోయిన యాత్రికుడు ఎవరని అడిగినచో, బడిలో నాలుగు పద్యములు చదువుకొన్నవారందరును ప్రవరుని పేరే చెప్పుదురు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ఆ గృహస్థు, తన ఇంటికి వచ్చిన సిద్ధుడు ఒసగిన పసరు పాదములకు పూసికొని రెప్పపాటున మంచుకొండపై వ్రాలెను. చూడదగిన వింతలను చూచెను. ఇక ఇల్లు చేరుదమని తలచునప్పటికి కాళ్ల పసరు మంచునీటికి కరగిపోయియుండెను. వచ్చిన దారి ఆయనకు తెలియదు. నడచి వచ్చినవాడు కాడు గదా! కావ్యకథ అచ్చటినుండి వేరొక మలుపు తిరుగును. కాని పర్వతయాత్రల చరిత్రను పరిశీలించువారికి ఆ ఘట్టమున ఒక సత్యము గోచరించును. నడచిన దారియే మనది. నడువని దారి మనలను ఇల్లు చేర్చదు.

పసరు లేకుండ, కాలినడకను, ఆ కొండలకు దారి కనుగొన్నవారి చరిత్రను ముచ్చటించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము. అందులో మన వరంగల్లు సీమకు కూడ ఒక భాగము కలదు. ప్రపంచములోకెల్ల ఉన్నతమైన శిఖరము ఏ వ్యక్తి పేర పిలువబడుచున్నదో, ఆ వ్యక్తి తన వృత్తిలో తొలి పాఠములు నేర్చుకొన్నదియు, ప్రాణము మీదికి తెచ్చుకొన్నదియు మంచుకొండలలో కాదు. కృష్ణా గోదావరుల నడిమి తెలుగు అడవులలో.

క్రీస్తుశకము 1802వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన చెన్నపట్టణము చెంత పరంగికొండ దగ్గర విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి ఒక కొలత ప్రారంభించెను. చదునైన నేలపై నూరడుగుల ఉక్కు గొలుసును మరల మరల పరచి, సుమారు ఏడున్నర మైళ్ల పొడవుగల ఒక సరళరేఖను అంగుళము తప్పకుండ కొలిచెను. ఆ రేఖ రెండు కొనలనుండి దూరమునగల ఒక కొండపై జెండాను చూచి, థియోడొలైటు అను యంత్రముతో కోణములను లెక్కించినచో, ఆ కొండకు పోకయే దాని దూరము తెలియును. త్రిభుజములో ఒక భుజమును రెండు కోణములును తెలిసిన, తక్కిన రెండు భుజములు లెక్కకు దొరకును గదా! ఆ క్రొత్త భుజమును ఆధారము చేసికొని మరియొక త్రిభుజము, దానిపై ఇంకొకటి. ఇట్లు కొండనుండి కొండకు త్రిభుజముల గొలుసు అల్లుచు దేశమంతయు కొలువవచ్చును. భూమి గుండ్రని ఆకారములో ఎచ్చట ఎంత వంపు కలదో తెలిసికొనుట కూడ లాంబ్టన్ లక్ష్యము.

ఆయన యంత్రము అరటన్ను బరువుగలది. ఇంగ్లండునుండి వచ్చునపుడు ఫ్రెంచివారు ఓడతో సహా దానిని పట్టుకొని, అది శాస్త్రపరికరమని గ్రహించి, మర్యాదగా తిరిగి పంపిరి. 1808లో తంజావూరున ఒక గోపురము పైకి ఎక్కించుచుండగా త్రాడు తెగి యంత్రము దెబ్బతినెను. లాంబ్టన్ వారములకొలది శ్రమించి దానిని తన చేతులతోనే చక్కజేసికొనెను. ఈ కొలత 1811లో మన గుత్తి ప్రాంతమునకును, 1815లో బీదరు ప్రాంతమునకును వచ్చెను. 1818లో దీనికి మహా త్రికోణమితి సర్వే అను పేరు ఏర్పడెను. ఆనాటికి లాంబ్టన్ హైదరాబాదున మకాము చేసియుండెను. వృద్ధుడు కూడ అయ్యెను. ఆయనకు సహాయకుడుగా ఆ సంవత్సరాంతమున హైదరాబాదు చేరిన యువకుడే జార్జి ఎవరెస్టు. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరములు.

1819లో ఎవరెస్టునకు అప్పగింపబడిన మొదటి పని, హైదరాబాదునకు తూర్పున కృష్ణా గోదావరుల మధ్యనున్న భూభాగమును కొలుచుట. తరువాతి కాలమున నిజాము రాజ్యములో వరంగల్లు సుబాగా పిలువబడిన భూమి చాలవరకు ఇందులోనిదే. నేటి ఖమ్మము సీమ కూడ 1953 వరకు వరంగల్లు జిల్లాలోనే ఉండెడిది. కాకతీయులు త్రవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు గల సీమ ఇది. వాటికి ఆవల గోదావరి దాక టేకు, మద్ది, ఇప్ప చెట్లు దట్టముగ పెరిగిన అడవి. రాతిగుట్టలపైనుండి చూచిన నలుదిక్కుల ఆకుపచ్చని సముద్రమువలె కన్పట్టునది.

మైదానమున కొలత చేయువానికి గుట్ట వరము. అడవిలో చేయువానికి ఆ గుట్టయే పరీక్ష. ముందుగా మనుష్యులు దారి చేసికొనుచు గుట్ట ఎక్కవలెను. శిఖరముపై చెట్లను నరికి నలువైపుల చూపు ఆనునట్లు చేయవలెను. జెండా పాతవలెను. ఇరువది, ముప్పది మైళ్ల దూరమునగల వేరొక గుట్టపై మరియొక బృందము ఇదే పని చేసి, తమ గుర్తు కనుపించు వరకు అచ్చటనే పడియుండవలెను. పులులుండు అడవిలో అట్టి ఒంటరి గుట్టపై కాచుకొనియుండు జెండామనిషి ధైర్యము ఎంతటిదో ఊహింపవలసినదే. ఆ పనివారు ఖలాసీలు, గొలుసు పట్టువారు, డోలీ బోయీలు, కావడి కూలీలు. వీరు లేనిదే దొర చేతిలోని యంత్రము ఒక్క అడుగైనను కదలదు. అయినను సర్వే గ్రంథములలో వారి సంఖ్య ఉండునేగాని పేర్లు అరుదు.

ఇంకొక చిక్కు కాలమునకు సంబంధించినది. వాన వెలసిన తరువాత గాలిలోని దుమ్ము అణగి, దూరపు కొండలు స్పష్టముగ కనబడును. అందుచేత లాంబ్టన్ పద్ధతిలో వర్షకాలమే కొలతకు అనువైన కాలము. కాని తెలంగాణపు అడవులలో వర్షకాలము జ్వరముల కాలము. ఈ సంగతి అడవి అంచున ఉన్న ప్రతి పల్లెవానికి తెలియును. రక్షణకై నిజాము ప్రభుత్వము పంపిన భటులు అడవిలో ముందునకు సాగుటకు నిరాకరించి తిరుగుబాటు చేసిరి. ఎవరెస్టు వారిని తుపాకులు చూపి నిలిపి, ముఖ్యులను కొరడాలతో కొట్టించెను. ఆయన ధైర్యసాహసములకు నిదర్శనముగ దీనిని వర్ణించిన గ్రంథకర్తలు కలరు. కాని ఆ భటులు వెనుదీసిన కారణము కొద్దికాలములోనే రుజువయ్యెను.

గోదావరి ప్రాంతపు అడవిలో ఉండగా ఎవరెస్టునకు తీవ్రమైన జ్వరము తగిలెను. ఆయన వెంట వచ్చిన వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడును అయిన హెన్రీ వోయిసీయు మంచము పట్టెను. పిదప శిబిరమంతయు పడకవేసెను. లేచి నీరు ఇచ్చువాడు లేడాయెను. హైదరాబాదునుండి ఏనుగులను, బండ్లను, డోలీలను పంపి వారిని ఇంటిదారి పట్టించిరి. దారిలోనే కొందరు మరణించిరి. ఎవరెస్టు ఆరోగ్యము ఎంతగా చెడెననగా, 1820లో సెలవు పొంది, సముద్రములు దాటి, దక్షిణాఫ్రికా కొనయందలి కేపు ప్రాంతమునకు గాలిమార్పునకై పోవలసివచ్చెను. ఆ జ్వరపు తాకిడి ఆయనను చాలకాలము విడువలేదు. మృతులైన పనివారికి మాత్రము ఏ గుట్టపైనను ఒక రాయియైనను నిలుపబడలేదు.

చెడుగాలి వలన అడవిజ్వరము కలుగునని ఆనాటివారి విశ్వాసము. చలిజ్వరమునకు దోమయే వాహనమని తేలుటకు ఇంకను డెబ్బదియెనిమిది ఏండ్లు పట్టెను. రొనాల్డు రాసు ఆ రహస్యమును కనుగొన్నది కూడ తెలుగునాటనే. 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో.

తెలంగాణపు జ్వరము నేర్పిన పాఠమును ఎవరెస్టు మరువలేదు. తాను అధికారియైన తరువాత వానకాలపు కొలతలను మాన్పించెను. ఎండిన ఋతువులో, రాత్రివేళ, కొండలపై దీపములు వెలిగించి చూచు పద్ధతిని ప్రవేశపెట్టెను. పగటివేళ అద్దముతో సూర్యకిరణమును ప్రతిఫలింపజేయు పరికరమును కూడ వాడెను. రాత్రివేళ చల్లబడిన గాలిపొరలలో వెలుగు వంగి ప్రయాణించును. అందుచేత పగలు చూపునకు అందని కొండ రాత్రి తన దీపమును పైకెత్తి చూపినట్లుండును. వెలుగు ఎంత వంగినదో లెక్కకట్టుట ఈ శాస్త్రములో మిక్కిలి కఠినమైన భాగము. హిమాలయపు ఎత్తులు తేల్చుటకు ఇదియే కీలకమయ్యెను.

1823లో లాంబ్టన్ హింగన్‌ఘాటు వద్ద మరణించెను. సర్వే భారము ఎవరెస్టుపై పడెను. ఆయన స్వదేశమునకు పోయి క్రొత్త పరికరములతో 1830లో మరలివచ్చెను. అదే 1830లో మన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి హైదరాబాదు మీదుగా కాశీయాత్రకు బయలుదేరుట గమనింపదగినది. ఆయన తన కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీయందలి నీటివసతి, బియ్యపు ధర, దారి మంచిచెడ్డలు వ్రాసియుంచెను. ఒకరు దేశమును త్రిభుజములతో కొలిచిరి. ఒకరు మజిలీలతో కొలిచిరి. రెండు కొలతలును మనకు నేడు అవసరమే.

కన్యాకుమారి దిక్కునుండి ముస్సూరీ కొండలవరకు, సుమారు 1500 మైళ్ల పొడవున సాగిన ఆ మహారేఖ 1841 నాటికి పూర్తియయ్యెను. 1843లో ఎవరెస్టు ఉద్యోగము విరమించి వెడలిపోయెను. తన పేరుతో వెలయనున్న శిఖరముతో ఆయనకు ఏ సంబంధమును లేదు.

ఆ సంబంధము తరువాతివారు కల్పించినది. నేపాళ రాజ్యములోనికి పరదేశీయులకు ప్రవేశము లేని దినములవి. అందుచేత సర్వేవారు 1847 మొదలు 1850 వరకు బీహారు మైదానములనుండియే, నూరు మైళ్లకు పైబడిన దూరమునుండి, మంచు శిఖరములను యంత్రములతో చూచి కోణములు వ్రాసికొనిరి. హిమాలయపాదమందలి తెరాయి అడవులలో కూడ జ్వరములు ఎందరినో బలిగొనెను. శిఖరములకు పేర్లు తెలియక రోమను అంకెలు వేసిరి. వానిలో పదునైదవ దానిని ఆరు స్థానములనుండి చూచిన లెక్కలు సర్వే కార్యాలయమున చేరెను. వెలుగు వంపును, భూమి వంపును తీసివేసి 1852లో ఆ లెక్కను తేల్చినవాడు రాధానాథ్ సిక్దార్ అను వంగదేశీయుడు. వచ్చిన ఎత్తు 29,002 అడుగులు. లెక్క సరిగా 29,000 అడుగులు వచ్చెననియు, ఉజ్జాయింపుగా చెప్పినారని లోకము అనుకొనకుండ రెండడుగులు కలిపిరనియు ఒక కథ వాడుకలో కలదు. 2020లో నేపాళము, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అనగా 29,032 అడుగులకు కించిత్తు తక్కువ. నూరు మైళ్ల ఆవలనుండి చేసిన లెక్కలో వచ్చిన తేడా ముప్పది అడుగులు!

శిఖరమునకు ఎవరెస్టు పేరు పెట్టవలెనని 1856లో ప్రతిపాదించినవాడు ఆయన తరువాత సర్వే అధిపతియైన ఆండ్రూ వా. ఆయా ప్రదేశములకు అచ్చటి ప్రజలు వాడు పేర్లనే ఉంచవలెనని ఎవరెస్టు తన ఉద్యోగకాలమంతయు పాటించిన నియమము. తన పేరు ఈ దేశపు జనులు పలుకజాలరనియు, హిందీలో వ్రాయుట కుదరదనియు ఆయనయే అభ్యంతరము చెప్పెను. అయినను 1865లో లండను భూగోళశాస్త్ర సంఘము ఆ పేరునే స్థిరపరచెను. టిబెట్టువారు తరతరములుగా చోమోలుంగ్మా అని కొలుచుచున్న కొండ అది. నేపాళీయులు దానిని సగర్‌మాథా అందురు. ఎవరెస్టు పేరు కొండకెక్కినది. లెక్క తేల్చిన సిక్దార్ పేరు పుస్తకములలో ఒక మూల మిగిలినది. గొలుసు మోసినవారి పేర్లు ఎచ్చటను లేవు.

అయితే మోసినవారే కొలిచినవారైన ఘట్టము కూడ ఈ చరిత్రలో ఒకటి కలదు. దూరమునుండి శిఖరము ఎత్తు తెలిసినను, దాని వెనుకనున్న టిబెట్టు దేశము పటములలో ఖాళీగానే ఉండెను. పరదేశీయులకు అచ్చట ప్రవేశము నిషిద్ధము. అప్పుడు సర్వేవారు కుమావూ కొండలలోని జోహారు లోయ, మిలము గ్రామవాసియైన నైన్ సింగ్ రావత్ అను ఉపాధ్యాయుని డెహరాడూనుకు పిలిపించి శిక్షణ ఇచ్చిరి. ప్రతి అడుగు ఒకే పొడవున పడునట్లు నడచుట మొదటి పాఠము. ఎత్తైనను పల్లమైనను అడుగు మారరాదు. సామాన్యముగ జపమాలలో 108 పూసలుండును. ఆయన మాలలో నూరే. నూరు అడుగులకు ఒక పూస జరుపవలెను. చేతిలో త్రిప్పు ప్రార్థనాచక్రములో మంత్రపత్రమునకు బదులు కొలతల చీటీలు దాగియుండెను.

ఎత్తు తెలిసికొను ఉపాయము మన ఇల్లాండ్రకు సులభముగ బోధపడునది. ఎత్తునకు పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గును. నీరు తక్కువ వేడికే కాగి మరుగును. అందుచేతనే మంచుకొండలలో పప్పు ఎంతసేపు పొయ్యిమీద ఉంచినను ఉడకదు. నైన్ సింగ్ మజిలీలలో నీరు కాచి, మరుగు వేళకు ఉష్ణమాపకమును ముంచి చూచెను. ఎంత తక్కువ వేడికి మరిగెనో అంత ఎత్తున ఉన్నట్లు. ఈ విధముగ వర్తకుని వేషమున, సుమారు 1,200 మైళ్లు, ఇరువదియైదు లక్షల అడుగులు లెక్కించుచు నడచి, 1866 జనవరిలో లాసా నగరము చేరి, ఆ నగరపు స్థానమును, ఎత్తును పటమునకు ఎక్కించెను. ప్రవరునివలె రెప్పపాటున పోలేదు. అందుచేతనే తిరిగి రాగలిగెను. 1877లో లండను సంఘము ఆయనకు బంగారు పతకము నొసగెను.

కొలత ముగిసిన పిదప ఎక్కుట మొదలయ్యెను. 1921లో ఆంగ్లేయులు టిబెట్టు వైపునుండి దారి వెదకిరి. 1922లో హిమపాతము క్రింద ఏడుగురు కూలీలు మరణించిరి. ఎక్కువారి పేర్లు పత్రికలకును, మోయువారి ప్రాణములు మంచునకును పోవుట అచ్చటను అదే రీతి. 1953 మే 29వ తేదీన న్యూజీలాండు దేశీయుడు ఎడ్మండ్ హిల్లరీతో సమానముగ శిఖరముపై నిలిచిన టెన్సింగ్ నార్గే ఆ రీతిని మార్చెను. ఆయన కూడ మొదట బరువులు మోసిన వాడే. మరుసటి సంవత్సరము డార్జిలింగున హిమాలయ పర్వతారోహణ సంస్థ నెలకొల్పగా, టెన్సింగ్ అందు శిక్షకుడై అనేకులకు విద్య నేర్పెను. 1965లో కోహ్లీ నాయకత్వమున తొమ్మండుగురు భారతీయులు శిఖరము చేరిరి. 1984లో బచేంద్రీ పాల్ ఆ శిఖరమెక్కిన తొలి భారతీయ మహిళయయ్యెను.

తెలుగువారికి మంచు దూరము. మన కొండలు ఎండకు కాగిన రాతిగుట్టలు. ఓరుగల్లు పేరులోనే కల్లు, అనగా రాయి, ఉన్నది. ఏకశిలానగరమని సంస్కృతీకరించినను అదే అర్థము. కాని రాతిని ఎరిగినవానికి మంచుకొండ బొత్తిగా పరాయిది కాదని మనవారు నిరూపించిరి. నెల్లూరు జిల్లా వాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండములలోని అత్యున్నత శిఖరములను 172 దినములలో అధిరోహించి ప్రపంచమును ఆశ్చర్యపరచెను. 2015లో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు ప్రాణములు విడిచెను.

ఇక హైదరాబాదునుండి వరంగల్లు వచ్చు రైలులో కూర్చున్నవారు కిటికీనుండి భువనగిరి కొండను చూడకపోరు. తాబేటి వీపువలె నున్నగా లేచిన ఏకశిల అది. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేర త్రిభువనగిరియై, ప్రజల నోట భువనగిరియైనది. ఓరుగంటి కాకతీయులు మొదట ఆ చాళుక్యులకు సామంతులే. పట్టుకొనుటకు చెట్టు లేదు, కాలు నిలుపుటకు మెట్టు లేదు. శత్రువు ఎక్కకుండుటకై ఎన్నుకొన్న ఆ బండపైననే, మన కాలమున సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు త్రాళ్లు కట్టుకొని కొండలెక్కుట నేర్చుకొనిరి. ఆ పాఠశాలల కార్యదర్శియైన ప్రవీణ్ కుమార్ ఆ పేదపిల్లలను అచ్చటికి పంపించెను.

వారిలో మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ. సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆనాటి ఖమ్మము జిల్లా చర్ల మండలము వాడు. భువనగిరి బండనుండి డార్జిలింగు, లడఖు మంచుకొండలలో శిక్షణ పొంది, నైన్ సింగ్ నడచిన టిబెట్టు దేశపు వైపునుండి బయలుదేరి, 2014 మే 25వ తేదీన ఇద్దరును ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. పూర్ణ వయస్సు పదమూడు సంవత్సరముల పదునొకండు నెలలు. అప్పటికి ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెయే పిన్నవయస్కురాలు. ఎనిమిది దినములకు, జూన్ 2వ తేదీన, తెలంగాణ రాష్ట్రము అవతరించెను. 2022లో పూర్ణ ఏడు ఖండముల శిఖరములను కూడ పూర్తిచేసెను.

చర్ల గోదావరి ఒడ్డున, అడవుల నడుమ ఉన్నది. 1819లో ఎవరెస్టు దొర శిబిరము జ్వరముతో కుప్పకూలిన అరణ్యసీమకు అది నది ఆవలి తీరము. ఆనాడు ఈ సీమనుండి పేరులేని మనుష్యులు డోలీలు మోసిరి, చెట్లు నరికిరి, గుట్టలపై దీపములు వెలిగించిరి, జ్వరములతో రాలిపోయిరి. రెండువందల ఏండ్లకు అయిదేండ్లు తక్కువగ, అదే సీమ బాలుడు ఆ దొర పేరుగల శిఖరము మీద కాలు మోపెను. ఈసారి పేరు వ్రాయబడినది.

కాళిదాస మహాకవి హిమవంతుని భూమికి కొలబద్దగ భావించెను. ఆ కొలబద్దను కొలుచుటకు మనుష్యులు పడిన పాట్లు తెలిసిన పిమ్మట, ఎత్తు అనునది అడుగులలో మాత్రమే ఉండునది కాదని తోచును. వరంగల్లు కోటకు పోయినపుడు ఏకశిల గుట్ట ఎక్కి ఒకసారి తూర్పుదిక్కునకు చూడుడు. దూరమున మసకగా కన్పట్టు ప్రతి గుట్టయు ఒకనాడు ఎవడో ఒకడు దీపము పట్టుకొని కాచుకొనదగిన స్థలమే. ఆ దీపము పట్టినవానికి పసరు లేదు. రెండు కాళ్లే ఉండెను. మనము చేరిన ఎత్తులన్నియు ఆ కాళ్లు నడచిన దారులే.